చరిత్ర కథ చెవికెక్కాలంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈమధ్య లైబ్రరీ పీరియడ్‌లో పిల్లలకు తెలుగు చారిత్రక కథల ఆడియో వినిపిస్తున్నాం. మన రాయగడలో పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బళ్లో చదివేది మాత్రం ఒడియా, ఇంగ్లీషు. తెలుగు పుస్తకం చేతికిస్తే చాలామంది రెండో పేజీ దాటరు. అదే కథ వినిపిస్తే బెల్ కొట్టినా లేవరు.

అలాగని ప్రతి ఆడియోకీ కూర్చోరు. బొబ్బిలి యుద్ధం కథను రెండు గొంతుల్లో వినిపించి చూశాం. ఒకాయనది మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఆవేశం, వెనకాల కత్తుల చప్పుడు, ఫిరంగుల మోత. కాసేపటికే పిల్లలు కబుర్లలో పడ్డారు. ఇంకొకావిడ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినట్టు మామూలుగా చెప్పుకుపోయారు. బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు, శత్రువైన విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి అడుగుపెట్టే చోట మాత్రం గొంతు తగ్గించి, ఒక్క క్షణం ఆగారు. ఏడో తరగతి మొత్తం ఊపిరి బిగబట్టింది.

1757 జనవరిలో బొబ్బిలి కోట పడిపోయిందని వాళ్లకు ముందే తెలుసు. విజయనగరం వెళ్లే రైల్లోంచి బొబ్బిలి స్టేషన్ చూసినవాళ్లే. మరి టెన్షన్ ఎక్కడిది? అది కథ అల్లికలో ఉంది. కోట బయట విజయనగరం వైపున వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, పాపారాయుడేమో రాజాంలో. కబురు అందుతుందా, అందినా వేళకు చేరుకుంటాడా? ఈ ప్రశ్న మొదట్లోనే పడితే చివరిదాకా వింటారు. రెండు సంస్థానాల వంశావళితో మొదలుపెడితే మాత్రం అక్కడే వదిలేస్తారు. పుస్తకమైతే వెనక్కి తిప్పి ఎవరు ఎవరో చూసుకోవచ్చు. వినేటప్పుడు ఆ వీలు లేదు కాబట్టి, పేర్లు ఒక్కొక్కటిగా రావాలి, సంఘటనలు వరుసలో నడవాలి.

అందుకే ఇంట్లో వినిపించేటప్పుడు దయచేసి స్పీడు పెంచకండి. గొంతు ఆగే ఆ క్షణాలన్నీ పోతాయి, కథలో సగం వాటిలోనే ఉంది. వీలైతే పక్కన కూర్చుని మీరూ వినండి. యుద్ధం, తేదీ, రాజుల పేర్లు చరిత్రవి, గుడారంలో మాటలు రచయిత కల్పించినవి అని మధ్యలో చెబుతుండండి. పిల్లలు ఈ తేడా చాలా ఇష్టంగా అడుగుతారు.

బొబ్బిలి కథ మీ ఇంట్లో అమ్మమ్మలకో తాతయ్యలకో వచ్చి ఉంటే, ఫోన్‌లో రికార్డు చేసి క్లాస్ టీచర్‌కు పంపండి. బుర్రకథలో విన్నదైనా సరే. వచ్చే నెల లైబ్రరీ పీరియడ్‌లో అవే వినిపిస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు