వెనుక సీటు బెల్టుకు జవాబుదారీ ఎవరు?

సంపాదకునికి,

కారులో వెనుక కూర్చున్నవారు బెల్టు పెట్టుకోకపోతే జరిమానా ఎవరికి? డ్రైవరుకే. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం, బెల్టు లేని ప్రయాణికులను తీసుకెళ్తే రూ.1,000. పద్నాలుగేళ్ల లోపు పిల్లలైతే, బండిని అలా నడపనిచ్చినవారూ బాధ్యులే. ప్రయాణికులకు పూచీ లేదనుకోవద్దు. ముందుకు చూసే వెనుక సీట్లలోని వారూ బెల్టు పెట్టుకోవాలని కేంద్ర నిబంధన 138(3) చెబుతోంది.

కానీ హన్మకొండ, కాజీపేట కిరాయి కార్లలో వెనుక బకిల్ తరచూ సీటు కవరు కిందే నలిగి ఉంటుంది. పెట్టుకుందామన్నా దొరకదు! ఫిట్‌నెస్ పరీక్షలో అధికారులు ప్రతి వెనుక బెల్టునూ పూర్తిగా లాగి, బకిల్‌లో క్లిక్‌మనేదాకా నొక్కి చూడాలి.

– ఒక పాఠకుడు, హన్మకొండ