మిలిట్రీ రంగు అడిగే తమ్ముళ్ల గురించి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో కొండలు, వాగులు దాటే బండ్ల మీద వచ్చిన కథనం చదివాను. ఇంజను, టైర్లు, వించి, టాపు మీద టెంటు, అన్నీ వివరంగా రాశారు. రంగు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అడవి బండికి ఆలివ్ గ్రీన్ అయితే ఆ లుక్కే వేరని ఒక్క ముక్కతో సరిపెట్టారు. నేను నల్లగొండలో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతాను. ఆ ఒక్క ముక్కను ఫోన్లో చూపిస్తూ కుర్రాళ్లు నా షెడ్డుకు వస్తున్నారు. "అన్నా, గీ మిలిట్రీ రంగే కావాలె" అంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు చట్టం సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చూడండి. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకు మాత్రమే. మిగతా ఎవరూ తమ బండికి ఆ రంగు వెయ్యకూడదు. వేలంలో కొన్న పాత మిలిట్రీ జిప్సీ అయినా సరే, మన పేరు మీదికి రావాలంటే ఆ రంగు పోవాల్సిందే. ఇది చెబితే, "మరి కంపెనీవాళ్లే ముదురు పచ్చ బండ్లు అమ్ముతున్నరు కదన్నా" అంటారు. ఆ పచ్చలు వేరు. వాటిలో చాలావాటికి నీలం పాలు ఎక్కువ, మీద మెరుపు ఉంటుంది. ఆలివ్ గ్రీన్ అంటే పసుపులో నలుపు కలిసి మట్టివైపు మొగ్గే మసక పచ్చ. రెండింటి మధ్యా గీత ఎక్కడ గియ్యాలనేది రోడ్డు మీద మన బండి ఆపిన ఆఫీసరు చేతిలో ఉంటుంది. సెలవు రోజు పెళ్లాం పిల్లలను ఎక్కించుకుని మా జిల్లాలోనే కృష్ణ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీకి చేపలు తినడానికి బయలుదేరిన మనిషికి ఆ టెన్షన్ ఎందుకు?

ఇంకొకటి. ఆర్సీలో రంగుకు ఒక గడి ఉంటుంది. బండి రంగు మారితే ఆ గడి కూడా మారాలి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పాలి. ఆర్సీలో తెలుపు, ఒంటి మీద పచ్చ ఉన్న బండి అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న, ఇది ఎక్కడి నుంచి వచ్చింది అని. ఆర్టీఏ ఆఫీసులో అడిగి, కాయితం చేతికి వచ్చాకే నా దగ్గరికి రమ్మని చెప్తాను. కొందరు రారు. పక్క షెడ్డుకు పోతారు. పోనీ.

ఇక అసలు సంగతి. ఈ బండ్లు ఎక్కడ తిరుగుతాయి? రాచకొండ గుట్టల్లో, చందంపేట వైపు కృష్ణ వెనక నీళ్ల ఒడ్డున, డిండి దాటి అచ్చంపేట, మన్ననూరు దాకా. ఈ దారుల్లో బండికి మొదటి శత్రువు బండరాయి కాదు, సర్కారు తుమ్మ. డొంక దారిలో రెండు వైపులా కంప మీదికి వంగి ఉంటుంది. బండి దూరి బయటికి వచ్చేసరికి డోర్ల మీద దువ్వెనతో గీసినట్టు ముందు నుంచి వెనకదాకా సన్నటి గీతలు. నా దగ్గరికి వచ్చే ఇలాంటి బండ్లలో ఎక్కువ వాటి జబ్బు ఇదే. గీతకు అడ్డంగా నా వేలిగోరు నెమ్మదిగా లాగి చూస్తాను. గోరు జారిపోతే గీత రంగు మీద వేసే పారదర్శక పూత, అంటే క్లియర్ కోటులోనే ఉంది, రుద్ది పాలిష్ పెడితే పోతుంది. గోరు తట్టుకుంటే లోపలికి దిగింది. ఇంకా లోతుగా పోతే రంగు కింద వేసే ప్రైమర్ పూత బూడిద రంగులో కనబడుతుంది. అప్పుడు ఆ డోరు మొత్తం రెగ్మాల్ (గరుకు కాయితం) పట్టి, లప్పం పెట్టి, మళ్లీ రంగు కొట్టాల్సిందే.

క్లియర్ కోటులో పడ్డ గీత తెల్లగా కనబడుతుంది. కాబట్టి నల్ల బండి మీద, ముదురు పచ్చ మీద ప్రతి గీతా పది అడుగుల దూరం నుంచి లెక్కపెట్టొచ్చు. తెలుపు మీద, ఇసుక రంగు మీద, లేత బూడిద మీద వంగి వెతికితే గానీ దొరకదు. షోరూంలో నలుపు అందంగానే ఉంటుంది, కాదనను. సర్కారు తుమ్మ షోరూంలో మొలవదు కదా.

మా జిల్లాలో నీళ్లతో ఇంకో తలనొప్పి. ఫ్లోరైడ్ వల్ల మా బోర్ల పేరు దేశమంతా తెలిసింది గానీ, బండి మీద మచ్చలు వేసేవి కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. బోరు నీళ్లతో కడిగి తుడవకుండా ఎండలో వదిలేస్తే ఒక్కో చుక్క ఆరిన చోట గుండ్రటి తెల్ల మచ్చ మిగులుతుంది. రోజుల తరబడి అలాగే ఉంటే క్లియర్ కోటును తినేస్తుంది. నల్ల బండి యజమాని ఏటా పాలిష్‌కు పెట్టే ఖర్చు, తెల్ల బండి యజమానికి ఉండదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లతో కడగండి అని మాత్రం చెప్పను, అవి తాగడానికి వచ్చినవి.

ఎండ గురించి నల్లగొండవాళ్లకు నేను చెప్పేదేముంది. మే నెల మధ్యాహ్నం నల్ల బానెట్ మీద చెయ్యి ఆనించి చూడండి, పక్కనే ఉన్న తెల్ల బండి మీదా ఆనించండి. బండిలోనే పడుకుని, బండిలోనే వండుకునేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. ఒళ్లు ఏ రంగైనా, టాపు మాత్రం తెల్లగా ఉంచుకోమని నా మాట. ఆఫ్రికా సఫారీల్లో తిరిగే పాత ల్యాండ్ రోవర్ల టాపు తెల్లగా ఉండేది ఊరికే కాదు. ఎరుపు మీద మోజున్నవాళ్లు కూడా వింటే మంచిది. ఎండకు ముందుగా వెలిసేది అదే. బానెట్, టాపు పాలిపోయి, డోర్లు మాత్రం ఎర్రగా మిగిలిన బండ్లు మా బస్టాండు దగ్గర నిలబడి చూస్తే బోలెడు కనబడతాయి.

దుమ్ము దగ్గర మాత్రం తెలుపు నెగ్గదు. మహబూబ్‌నగర్ వైపు ఎర్రచెల్కల్లో తిరిగి వస్తే తెల్ల బండి కింది సగం ఇటుక రంగులోకి వస్తుంది. నల్లరేగడిలో దిగబడితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే నన్నడిగితే ఇసుక రంగు, లేదంటే గోధుమ కలిసిన బూడిద. కడగకపోయినా కడిగినట్టే ఉంటుంది.

ఆ రంగైనా సాదాదే ఎంచుకోండి, మెటాలిక్ వద్దు. మెటాలిక్‌లో సన్నటి అల్యూమినియం రేకులు ఉంటాయి. రంగు కొట్టే గన్ను పట్టే దూరం, కంప్రెసర్ ప్రెషర్, థిన్నర్ పాలు, వీటిలో ఏది మారినా రేకులు పడుకునే తీరు మారుతుంది. ఎదురుగా చూస్తే కలిసినట్టే ఉన్న టచప్, పక్క నుంచి చూస్తే వేరే ముక్క అతికించినట్టు కనబడుతుంది. దాన్ని కలపాలంటే పక్క డోరు మీదికి కూడా రంగు లాగాలి. గీత ఒకచోట, బిల్లు రెండు డోర్లకు. ఇది చెప్పడం వల్ల నాకే నష్టం, అయినా చెప్తున్నాను. మ్యాట్ ఫినిష్ ఇంకా కష్టం. దానికి పాలిష్ పెట్టలేం, పెట్టిన చోటల్లా మెరుస్తుంది. కింది భాగానికి గరుకు కోటింగ్ కొట్టించేవాళ్లూ ఉన్నారు. రాళ్లకు బాగానే ఆగుతుంది గానీ, ఆ గరుకులో బురద పట్టి కూర్చుంటుంది. తర్వాత వద్దనుకుంటే దాన్ని గీకడానికి మనిషి దొరకడు.

అడవిలో జంతువులకు కనబడకుండా ఉండాలి కదా అని అడిగినవాళ్లున్నారు. దుప్పి కంటికి ఎరుపు, నారింజ పచ్చ నుంచి విడిగా తెలియవు. నారింజ ఒంటి పులి దానికి పచ్చ గడ్డిలో కలిసిపోయేది అందుకే. దుప్పి చెవులు రిక్కించేది చప్పుడుకు, వాసనకు, కదలికకు. సైలెన్సర్ మార్పించి ఊరంతా లేపే బండికి ఏ పచ్చ వేస్తే ఏం లాభం? నిజానికి బండి ఎక్కడైనా మొరాయించి సిగ్నల్ కూడా లేకపోతే, వెతకడానికి వచ్చినవాళ్లకు దూరం నుంచి కనబడడం ముఖ్యం. కంప మధ్యలో ఆగిన మసక పచ్చ బండి పక్క నుంచి పోయినా కనబడదు. ఇసుక రంగుకు కూడా ఈ లోపం ఉంది. తెల్ల టాపు అక్కడా పనికొస్తుంది.

మరి పసుపో, నారింజో వేద్దామంటే మా దగ్గర ఇంకో చిక్కు, రంగు చూసి పార్టీ అంటగడతారు. బ్రిటిష్ సైన్యం 1960ల చివర్లో ఎడారి కోసం ల్యాండ్ రోవర్లకు గులాబీ రంగు వేసింది, పొద్దున సాయంత్రం ఇసుక కాంతిలో అవి కలిసిపోయేవట. మిలిట్రీలో చేసి వచ్చిన ఒక కస్టమర్ చెప్పారు. అదే గులాబీ ఇక్కడ వేస్తే వచ్చే ఎన్నికలదాకా ఏ పార్టీ బండి అని అడుగుతారు. పసుపుకు ఒక పార్టీ, కాషాయానికి ఒక పార్టీ, ఎరుపు సంగతి నల్లగొండలో చెప్పనే అక్కర్లేదు.

రంగు కార్డును షెడ్డులో ట్యూబులైటు కింద చూసి ఒప్పేసుకోకండి. పాత మడ్‌గార్డు ముక్క మీద కొట్టి ఇమ్మని పెయింటర్ను అడగండి. దాన్ని ఇంటి ముందు పెట్టి మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి చూడండి. మీద కాస్త దుబ్బ చల్లి, తుమ్మ ముల్లుతో ఒక గీత గీసి కూడా చూడండి. ఇవ్వనన్న పెయింటర్ దగ్గర బండి పెట్టకండి.

చివరగా రెండు మనవులు. మీ వచ్చే ఆదివారం పేజీలో ఆ 121వ నిబంధన గురించి ఒక చిన్న పెట్టె కట్టి వెయ్యండి. జిల్లా రవాణా శాఖ అధికారులు ఆలివ్ గ్రీన్ వెయ్యరాదనీ, రంగు మార్పును ఆర్సీలో ఎలా ఎక్కించుకోవాలో, దానికి ఫీజెంతో తెలుగులో రాసిన కాయితం ప్రతి పెయింటింగ్ షెడ్డుకూ, రంగులమ్మే దుకాణానికీ ఇప్పించాలి. గోడకు అతికించుకుంటాం. ఇప్పుడు మేం నోటితో చెబితే, పని తప్పించుకోవడానికి చెబుతున్నామని అనుకుంటున్నారు.

ఇట్లు,
ఒక పెయింటింగ్ మేస్త్రీ,
దేవరకొండ రోడ్డు, నల్లగొండ