పైన తారు కాదు, కింద నీళ్లకు దారి కావాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో గట్టి వాన పడి హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో రాగానే ఇక్కడ పోచంపల్లిలో మాకు టెన్షన్ మొదలవుతుంది. మా దగ్గర చుక్క పడకపోయినా సరే, ఆ నీళ్లతో మూసీ నది పొంగి వచ్చి జూలూరు–రుద్రవెల్లి లో లెవల్ వంతెన మీదుగా పారుతుంది, పోచంపల్లికీ బీబీనగర్‌కూ మధ్య రాకపోకలు బంద్. బీబీనగర్ ఎయిమ్స్‌కు పోవాల్సిన పేషెంట్లయినా చుట్టూ తిరిగి పోవాల్సిందే. వలిగొండ మండలం సంగెం దగ్గర భీమలింగం కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) మీదా ఇదే పరిస్థితి.

వరద తగ్గాక జరిగేది ఇంకా బాధ. రోడ్డు గుంతల్లో మొరం పోసి పైన తారు వేస్తారు, మళ్లీ వానకు అదీ లేచిపోతుంది. తారుకు నీళ్లు పడవు, కంకరకూ తారుకూ మధ్యకు నీరు చేరితే పట్టు వదిలేస్తుంది, ఆపైన లారీలు తిరిగితే పెళ్లలుగా ఊడుతుంది. నల్లరేగడి నేలయితే మరీ ఘోరం. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే మట్టి మీద ఎన్ని పొరలేస్తే మాత్రం ఏం నిలుస్తుంది?

రోడ్డు ఎత్తు పెంచితే చాలని కొందరంటారు. చాలదు. తూములు సరిపడా పెట్టకుండా ఎత్తు పెంచితే రోడ్డే చెరువు కట్టలా అడ్డం నిలుస్తుంది, ఎగువ పొలాలు మునుగుతాయి, చివరికి నీళ్లు రోడ్డు దాటి దిగువకు దూకి అంచును కోసుకుంటూ వస్తాయి. మూసీలో గుర్రపు డెక్క అనే నీటి కలుపు కూడా కొట్టుకొచ్చి పైపులకు అడ్డం పడుతుంది కాబట్టి సన్న పైపులు అస్సలు పనికిరావు. మూసీ మీద హైలెవల్ వంతెనలే కట్టాలి. చిన్న వాగుల మీద వెడల్పాటి బాక్స్ కల్వర్టులు, నీరు పైనుంచి దాటే చోట తారు బదులు సిమెంట్ కాంక్రీట్, దిగువ అంచుకు రాతి కట్టుడు కావాలి. ఖర్చు ఎక్కువే, కానీ ఏటా మొరానికీ తారుకూ పోసేది కూడా ప్రజల డబ్బే కదా.

గ్రామ సడక్ యోజన రోడ్లకు వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు నిర్వహణ చూడాలన్న నిబంధన ఉంది, వరద ప్రాంతాల్లో అన్ని రోడ్లకూ అది పెట్టాలి. ఎస్టిమేట్ వేసే ముందు ఇంజినీర్లు ఒడ్డున పొలాలున్న రైతులను అడగాలి, ఏ వరదకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లు చేయి పెట్టి చూపిస్తారు. ఈలోగా వానాకాలానికి ముందే తూముల్లో పేరుకున్న డెక్కనైనా తీయించండి.

– ఒక పాఠకుడు, భూదాన్ పోచంపల్లి