శీనూ, సైకిల్ కొనేముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా, అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో నా గొంతు తేడాగా ఉందేంట్రా అని అడిగావ్ కదా, ఆఫీసులో పని ఎక్కువైందని చెప్పి తప్పించుకున్నా, అసలు సంగతి అది కాదు. ఫోన్లో చెప్తే మధ్యలో కోపమొచ్చేస్తుందని కూర్చుని రాస్తున్నా.

నేను ఇక్కడ హైదరాబాద్‌లో మణికొండ నుంచి ఖాజాగూడ మీదుగా మైండ్‌స్పేస్ దాకా సైకిల్ మీదే ఆఫీసుకి పోతానని తెలుసుగా. మంగళవారం పొద్దున ఏడుంపావు అప్పుడు బయోడైవర్సిటీ జంక్షన్‌కి ఇంకాస్త ముందున్నా. ఎడమ వైపే పోతున్నా గానీ మరీ అంచుకి కాదు, ఒక మీటరు లోపలికి, ఎందుకంటే అంచున ఇసక, కుంగిపోయిన డ్రైనేజీ మూతలు, పైగా ఆగున్న ఆటోలు, ఏ డోరు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలీదు. వెనక నుంచి ఒక పెద్ద తెల్ల బండి, హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు. పక్కకి జరుగుదామంటే చోటేదిరా? వాడు ఆగలేదు, నన్ను ఒరుసుకుంటూ పోయాడు, సైడ్ మిర్రర్ నా కుడి మోచేతికి ఠక్కున తగిలింది, నేను సైకిల్‌తో సహా ఆటో మీద పడ్డా. అద్దం దించి "రోడ్డు నీ అయ్య జాగీరా, పార్కులో తొక్కుకో పో" అని అరిచి వెళ్లిపోయాడు. వెళ్లి ఎక్కడాగాడో తెలుసా, ముందున్న సిగ్నల్ దగ్గర, రెడ్ పడి! నన్ను పడేసి వాడు మిగుల్చుకున్నది ఒక పది సెకన్లు.

నేను లేచి తోసుకుంటూ వెళ్లి అడిగా, ఏంటన్నా తగిలింది చూసుకోవా అని. దిగాడ్రా. హ్యాండిల్ పట్టుకుని ఊపేస్తూ మీద మీదకి వచ్చాడు. చుట్టూ అన్ని బండ్లున్నాయి, ఒక్కరు నోరు తెరవలేదు. వచ్చిందల్లా ఒక వాచ్‌మన్ పెద్దాయన, ఆయనా సైకిల్ మీదే, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతున్నాడు. మా ఇద్దరి మధ్య తన సైకిల్ అడ్డం పెట్టి నిలబడ్డాడు. గ్రీన్ పడగానే వాడు వెళ్లిపోయాడు. పెద్దాయన నా మోచేతికి తన నీళ్ల సీసాలో నీళ్లు పోసి "మీకు ఇయ్యాలయింది సారూ, మాకు రోజు గిదే కత, నిరుడు గిట్లనే గుద్దిండ్రు, పదిహేను రోజులు డ్యూటీకి పోలే" అన్నాడు.

ఆ మాటే రాత్రంతా తిరిగిందిరా బుర్రలో. సైకిల్ అంటే మనవాళ్లకి ఆదివారం కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగే జెర్సీవాళ్లే గుర్తొస్తారు, కానీ ఈ ఊళ్లో రోజూ సైకిల్ తొక్కేది వాచ్‌మన్లు, పాలు వేసేవాళ్లు, మేస్త్రీ పనికి పోయేవాళ్లు. వాళ్లకి హెల్మెట్ లేదు, వెనక లైటు లేదు, వాళ్లని తిడితే తిరిగి అడిగే ధైర్యం కూడా చెయ్యరు.

ఇంకోటి, ఎవరికి చెప్పినా "ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ వేశారుగా, అక్కడ తొక్కు" అంటున్నారు. ట్రాక్ బాగుంది, కాదనను. 2023 అక్టోబర్ 1న ఓపెన్ చేశారు, 23 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పు, ఎండా వానా తగలవు, నువ్వొస్తే నానక్‌రామ్‌గూడ వైపు తీసుకెళ్తా. కానీ అది నన్ను ఆఫీసుకి చేర్చదు కదరా, ఆ పెద్దాయన్ని ఇంటికి చేర్చదు కదా! అసలు ఆ ట్రాక్ దాకా పోవాలన్నా ఈ రోడ్ల మీదే పోవాలి.

జర్మనీలో 2020 నుంచి ఊళ్లో సైకిల్‌ని దాటాలంటే కనీసం మీటరున్నర దూరం వదలాలని రూల్ రాసేశారు. ఇక్కడ నాకు వదిలింది బెత్తెడు. ముప్ఫైలో పోయే బండి అరవైలో పోతే దెబ్బ బలం రెండింతలు కాదు, నాలుగింతలు, ఇది మనం ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే, స్టీరింగ్ పట్టుకోగానే ఎలా మర్చిపోతారో నాకర్థం కాదు.

కంప్లైంట్ ఇచ్చా. బండి నంబరు నోట్ చేసుకున్నా కాబట్టి కుదిరింది. ముందు "చిన్న దెబ్బే కదా, వదిలేయండి" అన్నారు, నేను కదల్లేదు. ర్యాష్‌గా నడిపి మనుషుల ప్రాణాల మీదకి తెస్తే భారతీయ న్యాయ సంహితలో 281 సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు, అదే చెప్పి కూర్చున్నా. చివరికి రాసుకున్నారు. ఏమవుతుందో చూద్దాం.

మా ఆవిడ సైకిల్ అమ్మేయమంటోంది. భయం నాకూ ఉంది, బుధ, గురు బస్సులో పోయా. శుక్రవారం మళ్లీ తీశా, అదే దారి, వెనక హారన్ వినపడితే చాలు చేతులు బిగుసుకుపోతున్నాయి, అయినా తొక్కా. పెద్దాయన అదే టైముకి ఎదురయ్యాడు, ఆయన సైకిల్ వెనక మడ్‌గార్డుకి నేను తెచ్చిన ఎర్ర రిఫ్లెక్టర్ టేపు ఇద్దరం కలిసి అంటించాం.

నువ్వు కొనడం మానకు. కానీ గేర్లు తర్వాత చూసుకుందువు, ముందు వెనక లైటు, హ్యాండిల్‌కి అద్దం కొను. వచ్చే నెల వస్తానన్నావ్, ఏ రోజో చెప్పు, పక్కింటి వాళ్ల సైకిల్ అడిగి ఉంచుతా.

నీ,
రవి