స్టార్టింగ్ ఫైవ్‌ను పాయింట్లతో తూచవద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఎవరి స్టార్టింగ్ ఫైవ్ (మ్యాచ్ మొదట్లో కోర్టులోకి దిగే ఐదుగురు) గొప్పదన్న విషయం మీద మీ క్రీడా పేజీలో పాఠకుల చర్చ నడుస్తోంది. వారియర్స్ అభిమాని మొదలుపెట్టినా, లేకర్స్ అభిమాని అందుకున్నా, డల్లాస్‌లో ఉంటున్న మనవాళ్లు మావరిక్స్ తరఫున రాసినా వాదన చివరికి ఒక్కచోటికే చేరుతోంది. ఐదుగురి సగటు పాయింట్లు కూడాలి, ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్లు గొప్ప. ఈ లెక్క తప్పు. ఇందులో అభిమానుల దోషం తక్కువ. మ్యాచ్ మర్నాడు పత్రికలో వాళ్లకు దొరికేది ‘ఫలానా ఆటగాడు 31 పాయింట్లతో చెలరేగాడు’ అన్న ఒక్క వాక్యమే. ఎన్ని షాట్లు కొట్టి ఆ 31 తెచ్చాడో, అతను కోర్టులో ఉన్నప్పుడు జట్టు ముందుకు వెళ్లిందో వెనక్కి పోయిందో అందులో ఉండదు.

2015 ఫైనల్స్ నాలుగో మ్యాచ్ తీసుకోండి. ఫైనల్స్‌లో ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే కప్పు. అప్పటికి వారియర్స్ మీద క్లీవ్‌లాండ్ 2-1తో ముందుంది. వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ ఏడడుగుల సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) ఆండ్రూ బోగట్‌ను పక్కన పెట్టి, ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా స్టార్ట్ చేయని ఆండ్రే ఇగ్వడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. ఆరున్నర అడుగుల డ్రేమండ్ గ్రీన్ సెంటరయ్యాడు. ఆ రాత్రి క్లీవ్‌లాండ్ సెంటర్ టిమొఫీ మోజ్గోవ్ 28 పాయింట్లు కొట్టాడు. తన జట్టు స్టార్ లెబ్రాన్ జేమ్స్ కంటే ఎక్కువ. పాయింట్ల పట్టీ మాత్రమే చూసినవాళ్లకు కెర్ ప్రయోగం బెడిసికొట్టినట్టే కనిపిస్తుంది. కానీ క్లీవ్‌లాండ్ 103-82తో ఓడింది, తర్వాతి మ్యాచ్‌లో అదే మోజ్గోవ్‌కు వాళ్ల కోచ్ ఇచ్చింది 9 నిమిషాలు.

ఎందుకంటే, బోగట్ దూరం నుంచి షాట్ కొట్టేవాడు కాదు. అతనికి కాపలా కాసే మోజ్గోవ్ హాయిగా రింగ్ కిందే నిలబడి లోపలికి వచ్చేవాళ్లను అడ్డుకోగలిగేవాడు. బోగట్ లేకపోయేసరికి ఐదుగురూ బయటికి పరుచుకున్నారు. మోజ్గోవ్ రింగ్ వదలాలి, లేదా ఎవరో ఒకరిని ఖాళీగా వదిలేయాలి. పైగా చిన్న ఐదుగురు బాల్ దొరకగానే పరుగు తీస్తారు, ఏడడుగుల మనిషి వెనక్కి చేరేలోపు బాస్కెట్ పడుతుంది. ఒకవైపు అతను 28 తెచ్చాడు, రెండోవైపు అతని వల్ల పోయినదాన్ని రాసుకునే గడి పాయింట్ల పట్టీలో లేదు. వారియర్స్ వరసగా మూడు గెలిచి కప్పు తీసుకున్నారు, ఫైనల్స్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడి అవార్డు) ఇగ్వడాలాకే వచ్చింది.

కోర్టులో బాల్ ఒక్కటే. ఒక మ్యాచ్‌లో ఒక జట్టు చేతికి బాల్ సుమారు వందసార్లు వస్తుంది. ఆ వంద అవకాశాలనే ఆటగాళ్లు పంచుకోవాలి. తలా 25 సగటున్న ఐదుగురిని ఒకచోట చేర్చినా 125 రాదు. కాబట్టి మొదట చూడాల్సింది ఎన్ని అవకాశాలు ఖర్చుపెట్టి ఎన్ని పాయింట్లు తెచ్చాడన్నది. ఇద్దరిని ఊహించుకోండి. ఒకడు 22 షాట్లు, 4 ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే దొరికే ఒక్కో పాయింటు షాట్లు) వేసి 24 పాయింట్లు చేశాడు. ఇంకొకడు 9 షాట్లు, 5 ఫ్రీ త్రోలతో 16 చేశాడు. షాట్ ప్రయత్నాలకు, ఫ్రీ త్రోలను 0.44తో గుణించి కలపండి. మొదటివాడు సుమారు 23.8 అవకాశాలు వాడాడు, రెండోవాడు 11.2. అవకాశానికి ఒకడు ఒక పాయింటు తెచ్చాడు, రెండోవాడు 1.4కు పైనే. (0.44 ఎందుకంటే సాధారణంగా రెండు ఫ్రీ త్రోలు కలిస్తే ఒక అవకాశం. బాస్కెట్‌తోపాటు వచ్చే అదనపు ఫ్రీ త్రోకు, టెక్నికల్ ఫౌల్ ఫ్రీ త్రోకు వేరే అవకాశం ఖర్చు కాదు. అందుకే సగం కంటే కాస్త తక్కువ.) దీనికి టర్నోవర్లు (షాట్ వేయకుండానే బాల్ పోగొట్టుకోవడం) కూడా కలిపితే లెక్క ఇంకా నిజానికి దగ్గరవుతుంది. అయితే పత్రికలో శీర్షిక ఎక్కేది 24 చేసినవాడే.

ఈ చర్చలో 2004 డెట్రాయిట్ పిస్టన్స్ పేరు ఎవరూ ఎత్తకపోవడం బాధగా ఉంది. చాన్సీ బిలప్స్, రిచర్డ్ హామిల్టన్, టేషాన్ ప్రిన్స్, రషీద్ వాలెస్, బెన్ వాలెస్. ఆ ఏడాది ఫైనల్స్‌లో వాళ్లు ఓడించిన లేకర్స్‌లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్. మలోన్ మోకాలి గాయంతో ఆడాడన్న మాట నిజమే, అది లెక్కలోకి తీసుకోవాలి. తీసుకున్నా 4-1 తేడా దానితో తీరదు. మూడో మ్యాచ్‌లో అంతటి లేకర్స్‌ను 68 పాయింట్ల దగ్గర ఆపేశారు. బెన్ వాలెస్ కెరీర్ సగటు 5.7 పాయింట్లు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, ఎవరూ తీసుకోని ఆటగాడు. నాలుగుసార్లు ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి అవార్డు అందుకుని 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మనం వాడుతున్న కొలత ప్రకారం అయితే అతనికి ఏ ఐదుగురిలోనూ చోటు దొరకదు.

ఇక ప్లస్-మైనస్ పట్టుకొచ్చేవాళ్లు. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ చేసింది, ఎన్ని తక్కువ చేసింది అన్న లెక్క అది. పాయింట్ల కంటే మెరుగే, కానీ దాన్ని తొందరపడి వాడితే ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. 48 నిమిషాల చొప్పున 82 మ్యాచ్‌లంటే 3,936 నిమిషాలు. గాయాలు, విశ్రాంతి, మార్పులు పోను ఒకే ఐదుగురు కలిసి ఆడేది అందులో కొన్ని వందల నిమిషాలే. నూరు నిమిషాలే ఆడారనుకుందాం, అంటే ప్రత్యర్థికి సుమారు 200 అవకాశాలు. అందులో 70 సార్లు మూడు పాయింట్ల షాట్ ప్రయత్నిస్తారు. 35 శాతం పడితే 24 లేదా 25 పడతాయి, 42 శాతం పడితే 29. ఆ అయిదు షాట్ల తేడా 15 పాయింట్లు, నూరు అవకాశాలకు ఏడుకు పైన. మంచి జట్టుకూ మామూలు జట్టుకూ సీజన్ మొత్తంలో ఉండే తేడా దాదాపు అంతే. అవతలివాళ్ల చేయి తిరిగిన రెండు రాత్రులు చాలు, చక్కగా డిఫెన్స్ చేసిన ఐదుగురు కాగితం మీద చెత్త ఐదుగురిగా కనిపించడానికి.

స్టార్టర్లు ఎదుర్కొనేది ఎక్కువగా అవతలి స్టార్టర్లను. బెంచ్ నుంచి వచ్చేవాళ్లు చాలాసేపు అవతలి బెంచ్ మీద ఆడతారు. ఫలితం తేలిపోయాక నాలుగో క్వార్టర్ చివర కొట్టే పాయింట్లూ అదే పద్దులో పడతాయి. అందుకే స్టార్టర్ ప్లస్-మైనస్‌ను బెంచ్ ఆటగాడితో పక్కపక్కన పెట్టి ‘వీణ్ని తీసేసి వాణ్ని స్టార్ట్ చేయించండి’ అనడం న్యాయం కాదు. ఆ మాటకొస్తే స్టార్ట్ చేయడమే హోదా అనుకోవడం కూడా సరికాదు. మను జినోబిలి 2007-08లో బెంచ్ నుంచి వచ్చే ఉత్తమ ఆటగాడికిచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు తీసుకున్నాడు, అతను స్పర్స్‌లో ఎవరికీ తక్కువ కాడు. 2024 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో గాయం నుంచి కోలుకున్న బోస్టన్ ఆటగాడు పోర్జింగిస్ బెంచ్ నుంచి వచ్చి 21 నిమిషాల్లో 20 పాయింట్లు చేశాడు, స్టార్ట్ చేసింది అల్ హార్‌ఫర్డ్. మొదట ఎవరు దిగారన్నదానికంటే స్కోరు దగ్గరగా ఉన్న చివరి ఐదు నిమిషాల్లో కోచ్ ఎవరిని నమ్మాడన్నది చూస్తే ఎక్కువ తెలుస్తుంది.

ఇంతా రాయడానికి అసలు కారణం మన దగ్గరి ఆట. జిల్లా, రాష్ట్ర స్థాయి స్కూలు, కాలేజీ టోర్నమెంట్ల వార్తల్లోనూ గెలిచిన జట్టు, స్కోరు, ఎక్కువ పాయింట్లు చేసిన పేరు, అంతే. పిల్లలు అది చూసే పెరుగుతారు. స్క్రీన్ పెట్టి, అంటే ప్రత్యర్థికి అడ్డంగా నిలబడి, తోటివాడికి దారి ఇచ్చే పిల్లాడు, రీబౌండ్ (తప్పిన షాట్ బాల్ అందుకోవడం) కోసం రింగ్ కింద మోచేతి దెబ్బలు తినే అమ్మాయి పత్రికలో ఎప్పుడూ ఉండరు. సెలక్షన్ వేళ చేతిలో ఉన్న కాగితం ఇదే అయితే వాళ్లు అక్కడా మిగిలిపోతారు.

తప్పు స్కోరుషీటు రాసేవాళ్లది కాదు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా స్కోరుషీటులో మొదటి ఐదుగురి పేర్ల పక్కనున్న చిన్న ఇంటూ గుర్తు చుట్టూ మ్యాచ్ మొదలవగానే సున్నా చుడతారు, తర్వాత దిగినవాళ్లకు సున్నా లేని ఇంటూ మాత్రమే. పడిన బాస్కెట్‌కు ఏటవాలు గీత, పడిన ఫ్రీ త్రోకు నిండు చుక్క, మూడు పాయింట్లు కొడితే ఆటగాడి నంబరు చుట్టూ సున్నా. ఫౌళ్లకు వేరే గడులు. అంతా పద్ధతిగానే ఉంటుంది. కానీ తప్పిన షాట్‌కు ఆ కాగితం మీద గడి లేదు. రీబౌండ్, అసిస్ట్ (బాస్కెట్‌కు దారితీసిన పాస్), టర్నోవర్‌కూ లేదు.

ఇవి రాసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఒక్కో జట్టుకు ఇద్దరు మనుషులు, ఒక తెల్ల కాగితం చాలు. ఒకరు కోర్టు మీద నుంచి కళ్లు తిప్పకుండా ‘ఏడు మిస్, పదకొండు రీబౌండ్’ అని ఆటగాళ్ల నంబర్లతో చెబుతూ ఉండాలి, రెండోవారు ఆ నంబరు ఎదురుగా గీతలు పెట్టాలి. చూసేవారే రాయబోతే తల దించిన ప్రతిసారీ ఒక రీబౌండ్ పోతుంది. సబ్‌స్టిట్యూషన్ జరిగిన ప్రతిసారీ గడియారంలో సమయం, అప్పటి స్కోరు, కోర్టులో ఉన్న ఐదు నంబర్లు ఒక వరుసలో రాయాలి. మ్యాచ్ అయ్యాక ఏ ఐదుగురు ఎంతసేపు ఆడారో, ఆ కాసేపట్లో ఎన్ని చేసి ఎన్ని ఇచ్చారో ఆ వరుసల్లోంచే వస్తుంది. సరిచూసుకోవడం కూడా తేలిక. 40 నిమిషాల మ్యాచ్‌లో ఒక జట్టు ఆటగాళ్ల నిమిషాలన్నీ కలిపితే 200 రావాలి. రాకపోతే ఏదో ఒక సబ్‌స్టిట్యూషన్ రాయడం మరిచారన్నమాట.

మీకు నా విన్నపం ఇది. ఎన్‌బీఏ ఫైనల్స్ జరిగే రోజుల్లో రెండు జట్ల స్టార్టర్లకు, ముఖ్యమైన బెంచ్ ఆటగాళ్లకు నిమిషాలు, పడిన షాట్లు, వేసిన షాట్లు, ఫ్రీ త్రోలు, రీబౌండ్లు, అసిస్ట్‌లు, టర్నోవర్లతో చిన్న పట్టిక వేయండి. క్రికెట్ స్కోరుబోర్డుకు ఇచ్చే చోటులో సగం సరిపోతుంది. రాష్ట్ర స్థాయి సెమీఫైనల్స్, ఫైనల్స్‌కు కూడా నిర్వాహకులు పై కాగితం ఇస్తే అదే పట్టిక వేస్తామని మీ విలేకరుల ద్వారా ముందే చెప్పించండి. పత్రికలో వస్తుందని తెలిస్తే రాసేవాళ్లు దొరుకుతారు, పీఈటీ మాస్టార్లే సీనియర్ పిల్లల్ని కూర్చోబెడతారు. చోటు చాలదంటే ఆటగాడి ఫొటో ఒక కాలమ్ తగ్గించినా పాఠకులు ఏమీ అనుకోరు.

ఇట్లు,
ఒక బాస్కెట్‌బాల్ అభిమాని,
విజయవాడ