ఆరు రెక్కలు వద్దు, నాలుగు చాలు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన ఇంటి ప్లాను అందింది. హాలుకీ వెనక వసారాకీ మధ్య గోడ తీసేసి, 12 అడుగుల వెడల్పున మడత అద్దాల తలుపులు పెట్టాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఆ గదికి వెలుతురు చాలడం లేదని అమ్మ ఎన్నేళ్లుగానో అంటోంది. అయితే ఆ కాగితం మీద ఆరు రెక్కలు గీసి, కింద ‘ఈ వారమే ఆర్డరు ఇస్తున్నాను’ అని రాశావు. అది చదివి కంగారు పడ్డాను. ఇంకా గోడే తీయలేదు కదా, ఆ కొలత దేని మీద తీసుకున్నావు? ఆర్డరు ఆపమని నిన్న ఫోను చేసింది అందుకే. ఫోనులో లెక్కలన్నీ చెప్పడం కుదరదు. ప్లాను పక్కన పెట్టుకుని చదువు.

ఇక్కడ మా ఇంటికి మూడేళ్ల క్రితం ఇవే తలుపులు పెట్టించాం. అప్పుడు జరిగింది నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నేల పని పూర్తి కాకముందే కొలతలు తీసుకున్నారు. టైల్స్ ఇంత మందం వస్తాయని ఒక అంచనా వేసి ఎత్తు రాసుకున్నారు. ఆ తర్వాత నేను వేరే టైల్స్ ఎంచుకున్నాను. అవి అనుకున్నదాని కంటే మందం, కింద పోసిన సిమెంటు కూడా కాస్త ఎక్కువైంది. మొత్తం 12 మిల్లీమీటర్ల తేడా, అరంగుళం కూడా లేదు. మా తలుపులు లోపలికి తెరుచుకునేవి. మొదటిసారి రెక్క లాగినప్పుడు వచ్చిన ఆ గీరుడు శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కొత్త టైల్స్ మీద గుమ్మం దగ్గర మొదలై గది లోపలి దాకా అర్ధచంద్రాకారంలో తెల్లని గీత పడింది.

మామూలు చెక్క తలుపైతే వడ్రంగి వచ్చి అడుగున కాస్త చిత్రిక పట్టి సరిచేస్తాడు. ఇక్కడ అలా కుదరదు. ఈ తలుపులకు వాడేది టఫెన్డ్ అద్దం. బాగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చడంతో దానికి ఆ బలం వస్తుంది. ఆ పని అయ్యాక దాన్ని కోయడం, తొలవడం అసాధ్యం, ప్రయత్నిస్తే మొత్తం పలుకులై రాలిపోతుంది. కోత, రంధ్రాలు అన్నీ కాల్చక ముందే జరగాలి. అందుకే తప్పు కొలతతో వచ్చిన రెక్కను సవరించలేరు, కొత్తది చేయించుకోవలసిందే. ఫ్రేమును పైకి జరుపుదామంటే పైన దూలం అడ్డు. చివరికి రెక్కలు తిరిగినంత మేర టైల్స్ పగలగొట్టించి, పలచనివి వేయించాం. నీకు ఆ దుమ్ము, ఆ ఖర్చు రాకూడదు.

ఇప్పుడు ఆరు రెక్కల సంగతి. గోడ పొడవు చూసి దానికి ఎన్ని రెక్కలు పడతాయా అని లెక్కవేశావని నాకు అనిపిస్తోంది. నేనైతే అటునుంచి మొదలుపెట్టను. తలుపులన్నీ మడిచి పూర్తిగా తెరిచే రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయి? నలుగురూ కూడిన రోజు, హాయిగా గాలి వీచే సాయంత్రం. మిగతా రోజుల్లో అవి మూసే ఉంటాయి. కానీ మనుషులు రోజుకు ఇరవైసార్లు అటూ ఇటూ తిరుగుతారు. కాబట్టి నువ్వు నిజంగా కొంటున్నది రెండు వస్తువులు. ఒకటి, మూసి ఉన్న అద్దాల గోడ. రెండోది, రోజూ తెరిచే ఒక్క రెక్క. ఈ రెండూ బాగుంటే మిగతాది దానంతట అదే బాగుంటుంది.

12 అడుగులంటే 3,658 మిల్లీమీటర్లు. రెండు పక్కలా చట్రం, సందు పోగా రెక్కలకు మిగిలేది దాదాపు 3,530. దాన్ని ఆరుతో భాగిస్తే ఒక్కో రెక్క 590 వస్తుంది. ఐదైతే 705, నాలుగైతే 880, మూడైతే 1,175. ఇళ్లలో ఈ తలుపులు 700 నుంచి 900 మధ్య ఉంటే చూపుకీ వాడకానికీ బాగుంటాయి. 590 వెడల్పు రెక్కలో చట్రం పోగా నడవడానికి మిగిలే దారి చాలా ఇరుకు. చేతిలో బట్టల బుట్ట ఉంటే పక్కకు తిరిగి దూరాలి.

ఇంకో నష్టం ఉంది. రెండు రెక్కలు కలిసే ప్రతిచోటా రెండు చట్రాలు పక్కపక్కన నిలుస్తాయి. మామూలు అల్యూమినియం తలుపుల్లో ఆ పట్టీ సుమారు 120 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆరు రెక్కలకు అలాంటివి ఐదు. అన్నీ కలిపితే రెండు అడుగులు. వెలుతురు కోసం గోడ తీసి, అందులో రెండు అడుగులు మళ్లీ లోహంతో మూసినట్టే కదా! నాలుగు రెక్కలైతే మూడే పట్టీలు, 14 అంగుళాలతో సరిపోతుంది.

అలాగని మూడు రెక్కలకూ వెళ్లకు. అద్దం చదరపు మీటరుకు, ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోల బరువు తూగుతుంది. నువ్వు అడిగిన రెండు పొరల అద్దం, 6 మిల్లీమీటర్లవి రెండు అనుకుంటే, చదరపు మీటరుకు 30 కిలోలు. 8 అడుగుల ఎత్తులో 880 వెడల్పు రెక్కకు అద్దమే 60 కిలోలు వస్తుంది. 1,175 వెడల్పుకు 80 దాటుతుంది. పైన చట్రం బరువు అదనం. అంత బరువు కీళ్ల మీద, చక్రాల మీద ఏళ్ల తరబడి వేలాడితే రెక్క వాలుతుంది. వాలిన తలుపును అమ్మ తెరవలేదు. ఒక్క రెక్క ఎంత వెడల్పు, ఎంత బరువు వరకు మోస్తుందో తయారుచేసేవాళ్లను అడిగి కాగితం మీద రాయించుకో. ఒక్కొక్కరి సరుకుకు ఒక్కో పరిమితి ఉంటుంది.

నాలుగు రెక్కలు ఎటు మడవాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకో. నాలుగూ ఒకే వైపు మడిస్తే, లేదా రెండు అటూ రెండు ఇటూ మడిస్తే, ఒంటిగా తెరుచుకునే రెక్క ఉండదు. బయటికి వెళ్లాలంటే ప్రతిసారీ ఒక జతను మడవాలి. మూడు ఒక వైపు, ఒకటి రెండో వైపు అని చెప్పు. ఆ ఒక్కటీ మామూలు తలుపులా తెరుచుకుంటుంది. అన్నీ తెరిచినా 12 అడుగులూ ఖాళీ రాదని గుర్తుంచుకో. మడిచిన రెక్క ఒక్కోటీ మూడు అంగుళాల చొప్పున ఆక్రమిస్తుంది. చట్రం కూడా తీసేస్తే పదిన్నర అడుగుల దారి మిగులుతుంది. నీకు అది చాలు.

బయటికి తెరుచుకునేవే పెట్టించు. గదిలో కుర్చీలు, పరదాలు అడ్డం రావు. అయితే మడిచిన దొంతర వసారాలోకి దాదాపు మూడు అడుగులు పొడుచుకు వస్తుంది. ప్లానులో ఎడమ పక్క వాన నీళ్ల గొట్టం కనిపిస్తోంది. మూడు రెక్కలు అటు వైపు మడిస్తే దానికి తగులుతాయి. గొట్టం జరపడమో, రెక్కలు కుడికి మార్చడమో ముందే చూసుకో.

ఇక గడప. అమ్మ మోకాళ్లు తలుచుకుంటే అది ఎంత తక్కువ ఎత్తులో ఉంటే అంత మంచిదనిపిస్తుంది. కానీ లోపలి నేల, ట్రాకు (తలుపులు జరిగే కింది పట్టాలు), వసారా మూడూ ఒకే మట్టంలో ఉంటే వాన నీళ్లు నేరుగా హాలులోకి వస్తాయి. వసారాను ట్రాకు కంటే కాస్త కిందికి, బయటికి వాలుగా వేయించు. మట్టం సమానంగానే కావాలంటే ట్రాకు ముందు నీళ్లు పోయే సన్న కాలువ తప్పనిసరి. ట్రాకులో నీటి రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకో, వాటికి సిమెంటు అడ్డం పడకుండా మేస్త్రీకి చెప్పు.

పని వరుస ఇలా పెట్టుకో. గోడ తీసేముందు పైన పడే బరువును ఇంజనీరు లెక్క కట్టాలి. తలుపులు పైనుంచి వేలాడే రకమైతే వాటి బరువంతా ఆ దూలానిదే. కింద చక్రాల మీద నడిచే రకమైనా, దూలం కాస్త వంగితే పై ట్రాకు పట్టేస్తుంది. దూలం వేసి, ఊతకర్రలు తీసి, అది స్థిరపడ్డాకే ప్లాస్టరింగ్. తుది నేల మట్టాన్ని గోడ మీద గీత గీయించు. టైల్స్ ఇంకా వేయకపోతే, వేయబోయే టైలునే తెచ్చి, సిమెంటు మందంతో కలిపి కొలిచి గీయాలి. అంచనా వద్దు.

అప్పుడు టేపు పట్టు. వెడల్పు పైన, మధ్యన, కింద మూడుచోట్ల తీసుకో. ఎత్తు ఎడమ, మధ్య, కుడి మూడుచోట్ల, ఆ గీత నుంచి. ఆరు అంకెలూ రాసి, వెడల్పులో అన్నిటికంటే చిన్నది, ఎత్తులో అన్నిటికంటే చిన్నది తీసుకో. ఐమూలగా రెండు వైపులా కొలిచి చూడు, రెండూ సమానం కాకపోతే ద్వారం మూలమట్టంలో లేదని అర్థం, ఆర్డరుకు ముందే గోడ సరిచేయించు. వచ్చిన వెడల్పులో ఇటు 5, అటు 5 మిల్లీమీటర్లు తగ్గించాలి. అల్యూమినియం ఎండకు సాగుతుంది. 12 అడుగుల చట్రం 30 డిగ్రీల వేడి తేడాకు రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. బిగించడానికీ కాస్త చోటు కావాలి. నువ్వు ఇచ్చే అంకె ద్వారం కొలతో, తలుపు చట్రం కొలతో ఆర్డరు కాగితం మీద స్పష్టంగా రాయించు. లేకపోతే ఆ 10 మిల్లీమీటర్లు నువ్వు ఒకసారి, వాళ్లు ఒకసారి తగ్గిస్తారు.

పాప చేతివేళ్లు కీళ్ల సందులో పడకుండా రబ్బరు రక్షణ ఉన్న రకం దొరుకుతుందేమో అడుగు. మా వాడు ఒకసారి వేలు నలగ్గొట్టుకున్నాడు.

ఒంటి రెక్క కుడి పక్కనా, ఎడమ పక్కనా అన్నది నువ్వు నిర్ణయించకు. రేపు పొద్దున అమ్మ వసారాలోకి వెళ్లేటప్పుడు వంటింటి నుంచి ఏ వైపుగా నడుస్తుందో గమనించు. గొట్టం సంగతి దాన్నిబట్టి తేలుతుంది. ఆ తర్వాత నాలుగు రెక్కలతో బొమ్మ గీసి, ఆరు కొలతలూ రాసి ఫోటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా డబ్బు కట్టకు.

ప్రేమతో,
అక్క