నర్సరీ సంచులతో మొదలుపెట్టండి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులపై 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉన్నా, మిర్యాలగూడలో పొద్దున్నే కూరగాయలు కొనడానికి వెళ్లినవారికి అది ఏ మాత్రం అమలవుతున్నదో వేరే చెప్పనవసరం లేదు. నిరుడు వానలకు ముందు ఒక దుకాణంలో నాకు ‘మట్టిలో కలిసిపోతుంది’ అని ఆకుపచ్చ అక్షరాలు అచ్చువేసిన సంచి ఇచ్చారు. కంపోస్టయ్యే సంచి అమ్మాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి; దాని మీద అటువంటి సంఖ్య ఏదీ లేదు. పెరట్లోని ఎరువు గుంతలో పాతిపెట్టి సంక్రాంతికి తవ్వి చూస్తే అది వడ్లపొట్టులా ముక్కలైంది తప్ప మట్టి కాలేదు. ఆ ముక్కలు ఏరడానికి నాకు ఒక పూట పట్టింది.

నిజంగా మట్టయ్యే ప్లాస్టిక్ గురించి మాత్రం శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. 1920లలో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మారిస్ లెమ్వాన్ ఒక బ్యాక్టీరియాలో ఈ పదార్థాన్ని గుర్తించాడు. పీహెచ్‌ఏ అని పిలిచే ఈ కుటుంబపు ప్లాస్టిక్‌లను సూక్ష్మజీవులు తమ కోసమే దాచుకుంటాయి. తిండి దండిగా ఉండి, నత్రజని వంటి మరో పోషకం కరువైనప్పుడు, ఎదగడం మాని, పంట పండిన ఏడాది రైతు గాదె నింపుకున్నట్టు ఒంట్లో రేణువులుగా నింపుకుంటాయి. కుప్రియావిడస్ నెకేటర్ అనే బ్యాక్టీరియాను ఎండబెట్టి తూస్తే అందులో 80 శాతం దాకా ఈ ప్లాస్టికే ఉండవచ్చు. ఒక జీవి దాచుకున్నది మరో జీవికి ఆహారమవుతుంది కనుకనే నేలలోని సూక్ష్మజీవులు దీన్ని తినేస్తాయి. మొక్క నుంచి వచ్చినదంతా ఇలా మట్టి కాదు. మన పాలమూరు రైతులకు చిరపరిచితమైన ఆముదంతో తయారయ్యే నైలాన్-11 అనే ప్లాస్టిక్ నేలలో అలాగే పడి ఉంటుంది.

ఈ బ్యాక్టీరియాకు చక్కెర పెడితే కిలోకు 300 నుంచి 400 గ్రాముల ప్లాస్టిక్ వస్తుంది. నూనె పోస్తే 600 నుంచి 800 గ్రాములు వస్తుంది, ఎందుకంటే నూనెలో కర్బనం వాటా ఎక్కువ. జపాన్‌లోని కనేకా సంస్థ మొక్కల నూనెలతోనే దీన్ని తయారు చేస్తున్నది. అయితే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో పల్లీ నూనెనో పామాయిల్‌నో సంచుల కోసం వెచ్చించమని నేను అడగను.

నేను చెప్పదలచుకున్నది తవుడు గురించి. తవుడులో 15 నుంచి 20 శాతం వరకు నూనె ఉంటుంది. బియ్యం ఆడించిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము ఆ నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది; వెంటనే నూనె తీయకపోతే అది తినడానికి పనికిరాకుండా పోతుంది. మంచి నూనెను శుద్ధి చేసినప్పుడూ ఈ కొవ్వు ఆమ్లాల మడ్డి మిగులుతుంది. మనకు లోపమైనది బ్యాక్టీరియాకు లోపం కాదు, ఎందుకంటే నూనెను తినేముందు అది చేసే మొదటి పని కూడా దాన్ని కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టడమే. అంటే దాని పని సగం తవుడులోనే అయిపోయింది. ఇన్ని రైస్ మిల్లులున్న మిర్యాలగూడ కన్నా ఈ సరుకు ఒక్కచోట దొరికే ఊరు ఎక్కడుంటుంది? బజ్జీల మూకుళ్లలో మరిగి మరిగి నల్లబడిన నూనె కూడా పనికొస్తుంది కానీ, దాన్ని బండి బండికీ తిరిగి సేకరించాలి.

చిక్కులు లేవనను. ఈ ప్లాస్టిక్ ఇప్పటికీ పాలిథీన్ కన్నా కొన్ని రెట్లు ఖరీదైనది. నూనె నీటిలో కలవదు, గాలి ఊదితే నురగ పొంగుతుంది, కణాల నుంచి రేణువులను వేరు చేయడానికే ఖర్చులో పెద్ద వాటా పోతుంది. అందుకే బజారు సంచులతో మొదలుపెడితే ఓడిపోతాం. హరితహారం కింద ఊరూరా పెట్టిన నర్సరీలలో మొక్కలు పెంచేది నల్లని పాలిథీన్ సంచుల్లోనే; నాటేటప్పుడు వాటిని చింపి గుంత పక్కనే పారేస్తారు. ఈ ప్లాస్టిక్‌తో చేసిన సంచినైతే మొక్కతో పాటే పాతేయవచ్చు. పైగా వీటిని కొనేది ప్రభుత్వమే కనుక, ధర కొంత ఎక్కువైనా కొనుగోలుదారు కోసం వెతకనక్కరలేదు.

కాబట్టి నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో గానీ పాలమూరు విశ్వవిద్యాలయంలో గానీ ఒక చిన్న ఫెర్మెంటర్ (బ్యాక్టీరియాను పెంచే తొట్టి) ఏర్పాటు చేసి, ఒక్క మిల్లు మడ్డితో, ఒక్క మండలపు నర్సరీలకు సరిపడా సంచులు తయారు చేయించి, రెండు వానాకాలాల తర్వాత ఆ గుంతలు తవ్వి చూడవలసిందిగా రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. తవ్వే రోజున పిలిస్తే నా పార నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా.